ఇల్లు చేరిన గినీపందిని ఆదరించి పోషించు విధము



ఎద్దు, ఆవు, మేక, కోడి, వీని పోషణమును గూర్చి మనము పలుమార్లు ముచ్చటించుకొని యున్నాము. ఈ మాసపు పాఠము గినీపందిని గూర్చినది. “ఇది మన పొలము దున్నదు, పాలీయదు, గ్రుడ్డు పెట్టదు, దీనితో రైతునకేమి పని?” యని మీలో కొందరు నవ్వవచ్చును. మేమును మొదట అట్లే నవ్వితిమి. ఆ నవ్వునకు ఒక ప్రాణము మూల్యమైనది. కావుననే ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. ఈ పాఠమునకు కారణము

మన మహేశ్వరము మండలపు రైతులు ఆకుకూరలను, కూరగాయలను నగరమునకు పంపి జీవించువారు. తుక్కుగూడ మీదుగా తెల్లవారకమునుపే బండ్లు పోవుచుండును. గడచిన పుష్యమాసమున మన సభ్యుడొకడు కొత్తిమీర కట్టలను అమ్మి తిరిగివచ్చుచు, దారి ప్రక్క నొక అట్టపెట్టెలో రెండు చిన్న జంతువులను చూచెను. ఇల్లు మారిన వారెవరో వదలిపోయిరి కాబోలు. కుక్కలు చుట్టు మూగియుండెను. అతడు జాలిపడి పెట్టెతోగూడ వానిని ఇంటికి తెచ్చెను. అతని కుమార్తె, ఏడవ తరగతి చదువు బాలిక, వానిని ఒడిలో పెట్టుకొని వదలలేదు.

వానికేమి పెట్టవలెనని మమ్ము పిలిచి యడిగిరి. ఇరువది సంవత్సరములుగా పశువుల మేతను గూర్చి చెప్పుచున్న మేము, ఆలోచింపకయే, “కుందేలు వంటిదే గదా, తవుడు, నూకలు, కొంచెము ఎండుగడ్డి పెట్టుడు” అని చెప్పి వచ్చితిమి. వారు మా మాటను వేదవాక్యముగా నమ్మి అట్లే పెట్టిరి.

మూడు వారములు గడచినవి. బాలిక మాయొద్దకు పరుగెత్తి వచ్చి, “సారూ, ముట్టుకుంటనే ఒర్రుతున్నది; నడుస్తలేదు” అనెను. పోయి చూచితిమి. పెద్దదాని కాళ్ల కీళ్లు వాచినవి. బొచ్చు రేగి మోటుబారినది. చిగుళ్ల యందు నెత్తురు కనబడెను. చలి తగిలినదని మేము భావించి గోనెపట్టా కప్పించితిమి. మరునాటి ఉదయమునకు అది చనిపోయెను. రెండవదానిని బుట్టలో పెట్టుకొని పశువైద్యుని యొద్దకు పోతిమి. ఆయన దాని నోరు తెరచి చూచి, “దీనికి పచ్చని యాకు ఎన్నాళ్లాయె పెట్టక?” అని మాత్రమడిగెను. మేము తల వంచుకొంటిమి.

ఆ గూడు ఉన్న స్థలమునకు పది యడుగుల దూరములో కాయలతో విరగబూచిన జామచెట్టు కలదు. దాని యవతల కొత్తిమీర మడి కలదు. వాని నడుమ ఆ ప్రాణి ఆకు లేక చచ్చెను. ఆ కుటుంబమువారి దోషము ఇందు లేశమును లేదు, దోషము మాదే.

2. ఈ జంతువు ఎట్టిది

పేరునందు పంది యున్నను ఇది పంది కాదు. ఎలుక, ఉడుత మొదలగు కొరుకుడు జంతువుల తెగలోనిది. దీని జన్మస్థలము దక్షిణ అమెరికా ఖండమునందలి ఆండీస్ పర్వత ప్రాంతము. పెరూ మొదలగు దేశముల కొండ రైతులు వేల సంవత్సరములకు పూర్వమే దీనిని మచ్చిక చేసి ఇండ్లలో పెంచుకొనిరి. అచ్చట నేటికిని మాంసమునకై పెంచుచున్నారు. 16వ శతాబ్దమున స్పెయిను దేశీయులు ఆ ప్రాంతములను జయించిన పిమ్మట ఇది ఐరోపా ఖండమునకు చేరెను.

పెరిగిన గినీపంది సుమారు 700 మొదలు 1200 గ్రాముల వరకు తూగును. బాగుగా చూచుకొనిన 5 మొదలు 8 సంవత్సరములు బ్రతుకును. కనుక దీనిని తెచ్చుకొనుట పండుగనాటి బొమ్మను తెచ్చుకొనుట వంటిది కాదు. దీని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. పీచు గల గడ్డిని నమలుచుండిననే అవి అరుగును. కడుపు ఎన్నడును వట్టిదై యుండరాదు. తన మెత్తని పెంటికలను తానే తినుట దీనికి సహజము. అది జీర్ణమునకు కావలసినదే గాని రోగము కాదు.

మనుష్యులు దీనికి చాల ఋణపడి యున్నారు. 1882వ సంవత్సరమున రాబర్టు కాక్ పండితుడు క్షయరోగమునకు మూలమైన క్రిమిని లోకమునకు చూపినప్పుడు గినీపందులపై చేసిన పరీక్షలే ప్రధాన సాక్ష్యములు. మన హైదరాబాదునందు తార్నాకలో గల జాతీయ పోషకాహార సంస్థయందును ప్రయోగశాలా జంతువులకు ప్రత్యేక విభాగము కలదు. ఆ సంస్థ 1918లో నీలగిరులయందలి కూనూరులో చిన్న పరిశోధన శాఖగా మొదలై, 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969లో నేటి పేరును పొందెను. అలంకరణ వస్తువులను జంతువులపై పరీక్షించుట మన దేశమున 2014లో నిషేధింపబడినది.

3. ఆ రోగమేమి? దాని కారణమేమి?

ఆవు, మేక, కుక్క, కోడి మొదలగునవి సి విటమినును తమ దేహమునందే తయారు చేసికొనును. గినీపంది అట్లు చేసికొనలేదు. మనుష్యుడును చేసికొనలేడు. ఈ విషయమున ఆ చిన్న ప్రాణియు మనమును ఒక్క పంక్తిలోని వారము. దినదినమును ఆహారముతో అందనిచో కొలది వారములలోనే కీళ్లు వాచును, చిగుళ్లు నెత్తురు కారును, గాయములు మానవు, తుదకు ప్రాణము పోవును. దీనినే స్కర్వీ యందురు.

1907వ సంవత్సరమున నార్వే దేశమునందు హోల్‌స్ట్, ఫ్రోలిక్ అను ఇరువురు పండితులు నావికులకు కలుగు బెరిబెరి రోగమును పరిశోధింపబూని గినీపందులకు ధాన్యమును మాత్రమే పెట్టిరి. వారు చూడగోరినది బెరిబెరి, కనబడినది స్కర్వీ. ఆకులు, పండ్లు పెట్టగా రోగము తొలగెను. వారు జ్ఞానము కొరకు చేసినదానినే మేము అజ్ఞానముచే ఆ రైతు ఇంటిలో మరల చేసితిమి.

ఇంకొక సంగతి చెప్పుటకు సిగ్గగుచున్నది. మేము మిషను బడిలో చదువుకొను దినములలో జేమ్సు లిండ్ అను ఓడ వైద్యుని కథను వల్లించితిమి. 1747లో ఆయన స్కర్వీ పట్టిన పండ్రెండుగురు నావికులను ఇద్దరిద్దరుగా విభజించి, వేరువేరు చికిత్సలు చేయగా, నారింజలును నిమ్మపండ్లును తిన్న యిద్దరే త్వరగా కోలుకొనిరి. ఈ ప్రశ్నకు మేము పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొంటిమి. అదే రోగము గూటిలో మా కన్నులయెదుట కూర్చుండగా గుర్తింపలేకపోతిమి. కాగితముపై నేర్చినది చేతికి రానంతవరకు విద్య కాదని ఆనాడు తెలిసినది.

4. వచ్చిన మొదటి దినములు

దిక్కులేని గినీపంది మీ యింటికి చేరిన యెడల మొదట చేయవలసిన పనులు ఇవి.

(అ) బెదురు తీర్చుట: వచ్చిన దినమున పిల్లలందరు చుట్టు మూగి ఎత్తుకొనరాదు. దాగికొనుటకు బోర్లించిన చెక్కపెట్టెయో, ఒక ప్రక్క కోసిన అట్టపెట్టెయో ఉంచి, గడ్డియు నీరును పెట్టి, రెండు మూడు దినములు నెమ్మదిగా విడిచిపెట్టవలెను. ఎత్తునప్పుడు ఒక చేయి రొమ్ము క్రిందను, ఒక చేయి వెనుక కాళ్ల క్రిందను ఉండవలెను.

(ఆ) వేరుగా నుంచుట: ఇంటిలో ముందే గినీపందులున్న యెడల క్రొత్తదానిని రెండు మూడు వారములు వేరుగా నుంచవలెను. గజ్జి, తామర వంటివి అంటవచ్చును. తామర మనుష్యులకును సోకును గాన, తాకిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

(ఇ) తూచుట: వంటింటి త్రాసులో వారమునకొకమారు తూచి బరువును గోడమీదనో పుస్తకమునందో వ్రాసికొనవలెను. మాట లేని ప్రాణికి బరువే మాట. మా మొదటిది చచ్చుటకు పూర్వమే తగ్గియుండును, మేము తూచలేదు.

(ఈ) గూడు: రెండింటికి తక్కువలో తక్కువ నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల నేల కావలెను. తీగెల అడుగు పనికిరాదు. పాదములు పుండ్లు పడును. నేలపై తరిగిన వరిగడ్డి పరచి, తడిసినదానిని ప్రతిదినము తీసివేయవలెను. కుక్క, పిల్లి, పాము, పందికొక్కు చొరకుండ గూడు గట్టిగా నుండవలెను.

(ఉ) ఎండ: ఇది చల్లని కొండలనుండి వచ్చిన జంతువు. 30 డిగ్రీల వేడికే తాళలేదు. మన వేసవి 40 డిగ్రీలు దాటును. రేకుల కప్పు క్రింద నుంచిన ఒక్క మధ్యాహ్నముననే వడదెబ్బచే చచ్చును. మట్టిగోడల గదిలో గాలి యాడుచోట నుంచి, తడి గోనెను గూటి ప్రక్క వ్రేలాడదీయవలెను. తడిపిన పలకరాతిని లోపల పెట్టిన దానిపై పండుకొని చల్లబడును.

(ఊ) తోడు: గినీపంది మందలో బ్రదుకు జంతువు. ఒంటరిగా నుంచిన దిగులుపడును. రెండు ఆడవి యుంచుట యుత్తమము.

5. దినవారీ మేత

గడ్డి: మేతలో ఎక్కువ పాలు గడ్డియే. అది రేయింబవళ్లు ఎదుట నుండవలెను. గట్ల మీది గరికను కోసి నీడన ఆరబెట్టిన చాలును. పశువులకై పెంచు గినీగడ్డియు ఆరబెట్టి పెట్టవచ్చును. వరిగడ్డి పరుపునకే గాని మేతకు సారము చాలదు. లూసర్ను సున్నపు పాలు ఎక్కువ గలది. చూడి దానికిని, పిల్లలకును పెట్టవచ్చును గాని పెద్దవానికి నిత్యము పెట్టిన మూత్రాశయమున రాళ్లు ఏర్పడవచ్చును. వర్షములు పడి పచ్చగడ్డి మొలచినప్పుడు ఒక్కసారిగా పెట్టక, పిడికెడుతో మొదలిడి దినదినము పెంచవలెను, లేనిచో కడుపుబ్బును. ఇది మన గొఱ్ఱెలకును తెలిసిన నీతియే.

ఆకు: దినమునకు ఒక్కొక్కదానికి ఒక గిన్నెడు పచ్చియాకు. కొత్తిమీర, పుదీన, ముల్లంగి యాకు, కోసుకూర పై యాకులు కొద్దిగా, ఇవి మార్చి మార్చి పెట్టవలెను. పాలకూర, తోటకూర వారమునకు ఒకటి రెండు మారులకు మించరాదు. మునగాకు కొద్దిగా పెట్టవచ్చును. బజారునకు పనికిరాదని మనము గట్టున పారవేయు కొత్తిమీర కాడలు, ముల్లంగి యాకులు దీనికి విందు. కాని వాడి కుళ్లినవి పెట్టరాదు.

సి విటమిను: పెద్దదానికి ప్రతి కిలోగ్రాము బరువునకు దినమునకు సుమారు 10 మిల్లీగ్రాములును, చూడిదానికి 30 మిల్లీగ్రాములును కావలెను. జామకాయలో 100 గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిను కలదు. అనగా 10 గ్రాముల జామ ముక్క, బొటనవ్రేలి కొనయంతటిది, 20 మిల్లీగ్రాములనిచ్చును. ఒక దినమునకు అది చాలును. జామ లేని దినములలో పెద్ద మిరప, అనగా నగరమువారు సిమ్లా మిర్చి యనునది, రెండు చీలికలు పెట్టవచ్చును. ఉసిరికలో ఈ విటమిను మిక్కిలి హెచ్చు. పులుపుచే కొన్ని తినవు. సి విటమిను వేడికిని, గాలికిని చెడును గాన ఏదైనను పచ్చిదిగాను, అప్పుడే కోసినదిగాను ఉండవలెను. నీటిలో కలిపిన మాత్రల బలము త్వరలో పోవును. ఆ పద్ధతిని నమ్మరాదు.

దాణా: అంగడిలో గినీపందులకై చేసిన గుళికలు దొరకును. దినమునకు పెద్ద చెంచాడు చాలును. తయారైన మూడు మాసములకు వానిలోని సి విటమిను చాలవరకు నశించును గాన తేదీ చూచి కొనవలెను. కుందేళ్ల గుళికలలో ఈ విటమిను కలుపరు గాన అవి పనికిరావు. తవుడు, నూకలు, మొక్కజొన్న వీని కడుపునకు సరిపడవు.

నీరు: ఇంటివారు త్రాగు మంచినీటినే ప్రతిదినము మార్చి పెట్టవలెను.

6. పెట్టరానివి

ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ, దాని మొలకలు, టమాట ఆకులు, కాడలు పెట్టరాదు. పండిన టమాట ముక్క మాత్రము పెట్టవచ్చును. పాలు, అన్నము, రొట్టె, మిఠాయి, చాక్లెట్టు పెట్టరాదు. వయ్యారిభామ, ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు గడ్డిలో కలియకుండ ఏరివేయవలెను. లేత జొన్న పిలకలు పశువులను చంపునని మనకు తెలియును, దీనికిని పెట్టరాదు.

అన్నిటికంటె ముఖ్యము: మందు కొట్టిన మడినుండి ఆకు కోయరాదు. సీసాపై వ్రాసిన గడువు తీరవలెను. ఒక కిలో బరువు లేని ప్రాణికి, మనకు తెలియని మోతాదే విషమగును. ఇట్లు చెప్పుచుండగా ఒక సభ్యుడు మమ్మడిగెను: “మరి ఆ కట్టలు తిను పట్నపు పిల్లల మాటేమి?” ఆ ప్రశ్న న్యాయమైనది. గినీపందికి పెట్టుటకు వెనుదీయు ఆకును బండికెక్కించుట ధర్మమా యని మనలో ప్రతివాడును తన్ను తాను అడిగికొనవలెను. పెద్ద రహదారుల అంచున ధూళియు పొగయు పట్టిన గడ్డియు వలదు.

7. జబ్బు చేసినప్పుడు

గినీపంది సగము దినము మేత ముట్టకున్నను, పెంటికలు వేయకున్నను అది అత్యవసరమని తెలిసికొనవలెను. రేపు చూతమనిన రేపు ఉండదు. కీళ్ల వాపు, చొంగ, ముక్కు కారుట, బొచ్చు రాలుట కనబడినను పశువైద్యునకు చూపవలెను.

ఇంటనున్న పశువుల మందులను మనమే వేయుట మహాపాపము. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ జాతి మందులు ఆవునకు మేలు చేయవచ్చును గాని గినీపంది ప్రేగులలోని మంచి క్రిములను చంపి దానిని కొలది దినములలో కడతేర్చును. వైద్యుని కడకు పోయినప్పుడు “ఇది గినీపంది” యని స్పష్టముగా చెప్పవలెను.

8. సంతానమును, లాభాశయు

ఆడది కొన్ని వారముల వయస్సుననే చూలు దాల్చగలదు. గర్భము సుమారు 59 మొదలు 72 దినములు. ఈనిన కొన్ని గంటలకే మరల చూలు నిలుచును. పిల్లలు బొచ్చుతోను తెరచిన కన్నులతోను పుట్టును. ఏడెనిమిది నెలలు నిండువరకు ఒక్క ఈతయు ఎరుగని ఆడదానికి ఆపైని మొదటి కాన్పు ప్రాణాపాయము. కావున ఆడవానిని, మగవానిని గుర్తింపించి వేరుచేయుట మొదటి వారములోనే జరుగవలెను.

“పిల్లలను అమ్మిన లాభము గలదా?” యని కొందరడిగిరి. మా మాట ఇది: అప్పు తెచ్చి గూళ్లు కట్టవలదు. కొని విసిగి దారిలో వదలినవారి వలననే గదా ఇవి మనకు దొరికినవి! పెంచలేనివారు పొలములలో విడిచిన అది స్వేచ్ఛ కాదు. పిల్లికిని గ్రద్దకును అప్పగించుటయే. ఆకలిదప్పులపాలగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతు హింసా నివారణ చట్టము ప్రకారము నేరము కూడ. ఉంచుకొనలేనివారు చూచుకొనగల వేరొకరికి చేతికందీయవలెను.

9. తుది మాట

రెండవ గినీపంది బ్రదికినది. వైద్యుడు చెప్పిన మోతాదున సి విటమిను చుక్కలును, పెరటి జామయు, కొత్తిమీరయు ఇయ్యగా వారము దినములలో లేచి నడిచెను. దానికి తోడుగా, నగరమున పెంచలేక ఇచ్చివేసిన మరియొక ఆడదానిని ఆ సభ్యుడే తెచ్చెను. ఉదయము కొత్తిమీర కట్టలు కట్టు చప్పుడు వినబడగానే రెండును సన్నని కూతలు కూయును. బాలిక గూటి ప్రక్క గోడపై బొగ్గుతో ప్రతి ఆదివారము బరువు వ్రాయుచున్నది. మేము ఆ దారిని పోయినప్పుడెల్ల మొదట ఆ గోడను చూచెదము.

మరియొక మార్పును చూచితిమి. పూర్వము ఆ యింటి జామకాయలన్నియు గంపకెక్కి పోయెడివి. ఇప్పుడు దినమునకు నాలుగు కాయలు ఇంటనే నిలుచుచున్నవి. ముక్క గినీపందులకు, మిగిలినది పిల్లలకు. జామయందలి సి విటమిను, మనము తిను పప్పు, జొన్నరొట్టెలలోని ఇనుమును రక్తమునకు అందించుటకును తోడ్పడును. సోదరులారా, పండించినదానిలో మొదటి పిడికెడు ఇంటివారికి దక్కవలెనని ఆ మూగప్రాణి మనకు చెప్పిపోయినది.

సమావేశమున చదివి వినిపించువారికి సారాంశము: గడ్డి ఎల్లప్పుడు, పచ్చియాకు ప్రతిదినము, జామ ముక్క మరువవలదు, తవుడు వలదు, ఎండ తగులనీయవలదు, తోడు నుంచుడు, వారమున కొకమారు తూచుడు, మేత మానిన వెంటనే వైద్యుని చేరుడు, తెలియనిదానిని తెలిసినట్లు చెప్పువానిని, మేమే యైనను సరే, మరల నడుగుడు.